ఆదివారానికీ ఆదివారానికీ మధ్య ఏం చూడాలి? అమెరికన్ ఫుట్‌బాల్ సినిమాలు, సిరీస్‌లు చెప్పండి

కృష్ణాతీరం (ఫ్రిస్కో, టెక్సాస్):

అందరికీ నమస్తే. మా అమ్మాయి ఈ ఏడాది హైస్కూల్ మార్చింగ్ బ్యాండ్‌లో చేరింది, క్లారినెట్ వాయిస్తుంది. దాంతో శుక్రవారం రాత్రి వచ్చిందంటే మేం స్టేడియంలోనే. హాఫ్‌టైమ్‌లో వాళ్ల షో చూద్దామని వెళ్లి, మిగతా టైమంతా ఊరికే కూర్చోలేక ఆట చూడటం మొదలుపెట్టి, ఇప్పుడు ఆదివారం ఎన్‌ఎఫ్‌ఎల్‌లో (ప్రొఫెషనల్ లీగ్) మా డాలస్ టీమ్ కౌబాయ్స్ ఆట కూడా వదలలేని పరిస్థితికి వచ్చాను. సోమవారం రాత్రి ఆట అయిపోతే మళ్లీ గురువారం దాకా ఏమీ ఉండదు, మన టీమ్‌కి బై వీక్ (ఆట లేని వారం) పడితే ఇంకా కష్టం. ఆ గ్యాప్‌లో ఫుట్‌బాల్ మీద వచ్చిన మంచి సినిమాలు, సిరీస్‌లు చూద్దామనుకుంటున్నాను.

మా ఆవిడకి రూల్స్ తెలియవు, నేర్చుకునే ఓపిక లేదంటుంది. కథ బాగుంటే మాత్రం ఎంతసేపైనా కూర్చుంటుంది. అమ్మాయితో కలిసి చూడగలిగేవి ఏవో విడిగా చెప్పండి. ఎక్కడో దొరికే టాప్ టెన్ లిస్టులు వద్దండి, మీరు చూసి, మీకు నచ్చినవే కావాలి.

నాలుగోడౌన్ (హ్యూస్టన్):

అన్నా, మీరుండేది టెక్సాస్, వెళ్లేది హైస్కూల్ ఆటలకి, ఇంక ఆలోచించేదేముంది, ఫ్రైడే నైట్ లైట్స్ సిరీస్ పెట్టేయండి. 2006 నుంచి 2011 దాకా వచ్చింది, 5 సీజన్లు, 76 ఎపిసోడ్లు. డిల్లన్ అని టెక్సాస్‌లో ఒక కల్పిత ఊరు, ఆ ఊరికి వాళ్ల హైస్కూల్ టీమే ప్రాణం. కోచ్ ఎరిక్ టేలర్‌గా కైల్ చాండ్లర్ చేశాడు, 2011లో దీనికే ఎమ్మీ టీవీ అవార్డు వచ్చింది. మొదటి ఎపిసోడ్‌లోనే ఊరంతా నెత్తిన పెట్టుకున్న క్వార్టర్‌బ్యాక్‌కి (బంతి విసిరి ఆట నడిపేవాడు) దెబ్బ తగులుతుంది, బెంచ్ మీద ఎవరూ పట్టించుకోని మ్యాట్ సారసెన్ అనే పిల్లాడు అప్పటికప్పుడు దిగాలి. వాడి నాన్న ఇరాక్‌లో ఉంటాడు, ఇంట్లో మతిమరుపు ముదురుతున్న నానమ్మ, ఆమెని చూసుకునేది వీడొక్కడే. ప్రాక్టీస్ నుంచి ఇంటికొచ్చి ఆమెకి అన్నీ చేసి, మళ్లీ ప్లేబుక్ (ఆటలో వేసే ఎత్తుగడల పుస్తకం) ముందేసుకుని కూర్చునే ఆ పిల్లాడిని చూశాక మీ ఆవిడకి రూల్స్ ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి, దీన్ని తీసిన పద్ధతే వేరు. మూడు కెమెరాలు పెట్టి, ఎక్కడ నిలబడాలో ముందే గీతలు గీయకుండా, రిహార్సల్ లేకుండా తీశారు. అందుకే సీన్లు నాటకంలా ఉండవు, పక్కింట్లో జరుగుతున్నది కిటికీలోంచి చూసినట్టుంటుంది. రెండో సీజన్‌లో ఒక హత్య కథ ఇరికించారు, దానికి తోడు రచయితల సమ్మె వచ్చి 15 ఎపిసోడ్లకే ఆగిపోయింది. అది ఓపిక పట్టి దాటేయండి. నాలుగో సీజన్ నుంచి మైఖేల్ బి. జోర్డన్ వస్తాడు, అక్కడ సిరీస్ మళ్లీ లేచి నిలబడుతుంది.

గోదారి_పిల్ల (షార్లెట్):

నాకు ఫుట్‌బాల్ ఆట అస్సలు ఎక్కదు, ఫ్రైడే నైట్ లైట్స్ మాత్రం మొత్తం చూశాను. కాబట్టి మీ ఆవిడ తరఫున నేను చెప్తాను కృష్ణాతీరం గారూ. అందరూ కోచ్ గురించే మాట్లాడతారు గానీ ఆ సిరీస్‌ని మోసేది కోచ్ భార్య టామీ, ఆ పాత్ర కాన్నీ బ్రిటన్ అనే నటి చేసింది. మొదట స్కూల్లో కౌన్సెలర్‌గా చేరుతుంది, తర్వాత ప్రిన్సిపాల్ అవుతుంది. ఊరు ఊరంతా టీమ్ కోసం డబ్బు పోగు చేస్తుంటే, ఆ డబ్బు పిల్లల చదువుకి వాడదామని నిలబడే మనిషి ఆమె. మొగుడూ పెళ్లాల మధ్య మాటలు ఇంత నిజంగా రాసిన సిరీస్ నేను ఇంకోటి చూడలేదు. పెద్ద పెద్ద అరుపులు ఉండవు, గిన్నెలు సర్దుకుంటూ, పిల్లకి జ్వరమొచ్చిందా అని చూసుకుంటూ మధ్యలో అసలు విషయం మాట్లాడుకుంటారు.

చివరి సీజన్‌లో ఆమెకో ఉద్యోగం వస్తుంది. అక్కడ ఏం జరుగుతుందో చెప్పను. కానీ మొగుడి ఉద్యోగం ఎటు పోతే అటు సామాను సర్దుకుని వచ్చి, హెచ్ 4 వీసా మీద ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చున్న మనలాంటి వాళ్లు ఆ ఎపిసోడ్లు చూస్తే ఊరికే ఉండలేరు. నేనైతే టీవీ ఆపేసి మా ఆయనతో చాలాసేపు మాట్లాడాను.

సోమవారం_అలారం (హైదరాబాద్):

ఇండియా నుంచి చూసేవాళ్లం కూడా ఉన్నామండి ఇక్కడ. మాకు ఆదివారం మొదటి ఆటలు రాత్రి 10:30కి మొదలవుతాయి, నవంబర్‌లో అక్కడ గడియారాలు మార్చాక 11:30. సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) సోమవారం తెల్లవారుజామున 5 గంటలకి. అమెరికా ప్రాజెక్టులో నైట్ షిఫ్ట్ చేసేటప్పుడు క్లయింట్లతో మాట్లాడాల్సి వచ్చి చూడటం మొదలుపెట్టాను, షిఫ్ట్ మారినా ఆట వదల్లేదు.

నా ఓటు నెట్‌ఫ్లిక్స్‌లో క్వార్టర్‌బ్యాక్ సిరీస్‌కి. మొదటి సీజన్ 2023లో వచ్చింది. 2022 సీజన్ మొత్తం పాట్రిక్ మహోమ్స్, కర్క్ కజిన్స్, మార్కస్ మరియోటా ముగ్గురికీ మైకులు పెట్టి తీశారు. మూడు గంటల ఆటలో బంతి నిజంగా ఆటలో ఉండేది దాదాపు 11 నిమిషాలే అని లెక్కగట్టినవాళ్లున్నారు, మరి మిగతా టైమంతా ఏం జరుగుతుంది అనేది నాకు ఈ సిరీస్ చూశాకే అర్థమైంది. క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో ఉన్న స్పీకర్ ద్వారా కోచ్ ప్లే (వేయాల్సిన ఎత్తుగడ) చెప్తాడు, ఆ ప్లే పేరే ఒక పెద్ద వాక్యమంత ఉంటుంది. ప్లే మొదలుపెట్టడానికి మిగిలిన టైమ్ చూపే ప్లే క్లాక్ 15 సెకన్లకి రాగానే ఆ మాట కట్ అయిపోతుంది. అప్పటికి క్వార్టర్‌బ్యాక్ దాన్ని మిగతా పదిమందికీ తప్పు లేకుండా అప్పజెప్పి, ఎదుటి డిఫెన్స్ ఎలా నిలబడిందో చూసి, కావాలంటే మార్చేయాలి. ఇదంతా చుట్టూ వేలమంది అరుస్తుంటే.

కజిన్స్ కోసమైనా చూడాలి. పక్కటెముకల దెబ్బతో, ఇంటికొచ్చి సోఫాలో సరిగ్గా కూర్చోలేని మనిషి మళ్లీ వారం దిగుతాడు. 2022 డిసెంబర్‌లో కోల్ట్స్ మీద 33-0 వెనకబడి 39-36తో గెలిచిన ఆట ఇందులో ఉంది, ఎన్‌ఎఫ్‌ఎల్ చరిత్రలో అదే అతి పెద్ద కమ్‌బ్యాక్. మరియోటా కథ దీనికి పూర్తిగా వ్యతిరేకం, సీజన్ చివర్లో అతన్ని బెంచ్ మీద కూర్చోబెట్టారు. గెలిచినవాడినీ పక్కన పెట్టబడినవాడినీ ఒకే సిరీస్‌లో చూపించడం నాకు బాగా నచ్చింది. 2025లో వచ్చిన రెండో సీజన్‌లో కజిన్స్‌తో పాటు జో బరో, జారెడ్ గాఫ్ ఉన్నారు.

మీ ఆవిడకి రూల్స్ కోసం ఒక్క మాట చాలండి. మన క్రికెట్ ఓవర్‌లో ఆరు బంతులున్నట్టు ఇక్కడ నాలుగు ఛాన్సులు, ఆ నాలుగింట్లో 10 గజాలు ముందుకెళ్తే మళ్లీ నాలుగు ఇస్తారు, లేకపోతే బంతి అవతలివాళ్లది. ఇంత తెలిస్తే సినిమాలన్నీ అర్థమవుతాయి.

నాలుగోడౌన్:

సిరీస్ మొదలుపెట్టాక 2004లో వచ్చిన ఫ్రైడే నైట్ లైట్స్ సినిమా కూడా చూడండి. అది వేరు, ఇది వేరు. సినిమా నిజంగా జరిగిన కథ, ఒడెస్సా అనే ఊళ్లో పర్మియన్ హైస్కూల్ 1988 సీజన్. బిస్సింగర్ అనే జర్నలిస్టు ఆ ఊరికి మకాం మార్చి, ఏడాది పాటు అక్కడే ఉండి పుస్తకం రాశాడు, 1990లో వచ్చింది. చమురు ధర పడిపోయి ఊరు దెబ్బతిన్న కాలం, జాతి వివక్ష, చదువు సంగతి ఎవరికీ పట్టకపోవడం అన్నీ రాసేసరికి ఊళ్లో చాలామందికి కోపం వచ్చింది.

సినిమాలో నాకెప్పుడూ గుర్తొచ్చేది నాణెం ఎగరేసే సీన్. మూడు టీములు సమానంగా నిలిచాయి, ప్లేఆఫ్‌కి రెండే వెళ్లాలి. ముగ్గురు కోచ్‌లూ రాత్రిపూట హైవే పక్కన ట్రక్కులు ఆగే చోట కలిసి నాణేలు ఎగరేస్తారు, అది టీవీలో లైవ్. ఏడాదంతా పిల్లలు పడ్డ కష్టం అక్కడ నాణెం మీద నిలబడుతుంది. ఇది కల్పన కాదు, నిజంగానే అలా జరిగింది. చివరి ఆట మాత్రం మార్చారు. సినిమాలో డాలస్ కార్టర్ మీద ఫైనల్, హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్‌లో. నిజానికి అది సెమీఫైనల్, ఆస్టిన్‌లో జరిగింది, పర్మియన్ 14-9తో ఓడిపోయింది.

పాతకాపు (ఎడిసన్, న్యూజెర్సీ):

మీరంతా కొత్తవి చెప్తున్నారు, ఒక పాతది నేను చెప్తాను. బ్రయన్స్ సాంగ్, 1971లో టీవీ కోసం తీసింది. షికాగో బేర్స్‌లో గేల్ సేయర్స్, బ్రయన్ పికొలో అని ఇద్దరు రన్నింగ్ బ్యాక్‌లు (బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్లు). ఒకరు నల్లవారు, ఒకరు తెల్లవారు, ప్రయాణాల్లో ఒకే గది పంచుకున్నారు, ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. సేయర్స్ మోకాలు దెబ్బతింటే, ఆ చోటు కోసం తనతో పోటీపడే పికొలోనే దగ్గరుండి అతన్ని మళ్లీ పరిగెత్తించాడు. పికొలో 26 ఏళ్లకే క్యాన్సర్‌తో పోయాడు. బిల్లీ డీ విలియమ్స్, జేమ్స్ కాన్ చేశారు. గంటా పావు సినిమా. నేను అమెరికా వచ్చిన కొత్తలో ఆఫీసులో పెద్దవాళ్లు దీని గురించి చెప్తూ గొంతు తడబడటం చూశాను, ఆ తర్వాత చూస్తే నాకూ అదే పరిస్థితి.

ఇంకోటి, సినిమా కాకపోయినా ఎన్‌ఎఫ్‌ఎల్ ఫిల్మ్స్ పాత రీళ్లు దొరికితే వదలొద్దు. ఎడ్ సేబల్ అనే ఆయన 1962 ఛాంపియన్‌షిప్ ఆటని చిత్రీకరించే హక్కులు కొనుక్కుని మొదలుపెట్టాడు, తర్వాత కొడుకు స్టీవ్ నడిపాడు. బంతి గాల్లో గిరగిరా తిరుగుతూ నెమ్మదిగా రావడం, చలికి ఆటగాళ్ల నోటి నుంచి ఆవిరి, వెనక ఆర్కెస్ట్రా, జాన్ ఫసెండా గంభీరమైన గొంతు. ఇవాళ మనం చూసే స్పోర్ట్స్ డాక్యుమెంటరీలన్నిటికీ అక్కడే పునాది పడింది. మా దగ్గర్లోనే, న్యూజెర్సీ మౌంట్ లారెల్‌లో ఉంది వాళ్ల సంస్థ.

కృష్ణాతీరం:

అందరికీ థ్యాంక్స్. నిన్న రాత్రి మొదటి ఎపిసోడ్ పెట్టాం. మా ఆవిడ ఫోన్ పక్కన పెట్టేసింది, ఆ దెబ్బ తగిలే సీన్ దగ్గర నా చెయ్యి పట్టుకుంది. అయిపోగానే ఇంకోటి పెట్టమంది. అమ్మాయికి నచ్చింది కానీ, స్టేడియంలో బ్యాండ్‌ని అసలు సరిగ్గా చూపించలేదని దానికి కోపం. నిజమే, ఆగస్టు ఎండలో పార్కింగ్ లాట్‌లో గంటల తరబడి నిలబడి నేర్చుకునేది ఈ పిల్లలు కూడా కదా.

అమ్మాయితో కలిసి చూడ్డానికి రిమెంబర్ ది టైటన్స్ ఎలా ఉంటుంది? స్కూల్లో ఎవరో చెప్పారట.

వైజాగ్_టు_వర్జీనియా:

కళ్లు మూసుకుని పెట్టండి. 2000లో వచ్చింది, డిస్నీ సినిమా, ఇబ్బంది పెట్టే సీన్లు లేవు. డెంజెల్ వాషింగ్టన్ కోచ్ హెర్మన్ బూన్‌గా చేశాడు. 1971లో వర్జీనియాలోని అలెగ్జాండ్రియాలో మూడు హైస్కూళ్లని కలిపి, నల్లపిల్లల్నీ తెల్లపిల్లల్నీ ఒకే టీమ్‌లో పెట్టి, అప్పటిదాకా ఉన్న తెల్ల కోచ్ బిల్ యోస్ట్‌ని కాదని నల్ల కోచ్‌ని తెచ్చారు. నేనుండేది ఆ ఊరికి దగ్గర్లోనే. స్కూల్ ఇప్పటికీ ఉంది, టి.సి. విలియమ్స్ పేరు 2021లో తీసేసి అలెగ్జాండ్రియా సిటీ హైస్కూల్ అని పెట్టారు. ఆ విలియమ్సే స్కూళ్లలో నల్ల, తెల్ల పిల్లల్ని కలపడాన్ని అడ్డుకున్న సూపరింటెండెంట్.

సినిమా చూశాక అమ్మాయికి అసలు చరిత్ర కూడా చెప్పండి. ఆ టీమ్ ఆడిన 13 ఆటలూ గెలిచింది, ఫైనల్ 27-0. సినిమాలో చూపించినట్టు ఆఖరి సెకన్‌లో గెలవలేదు. గెరీ బర్టియర్ అనే ఆటగాడి కారు ప్రమాదం ఫైనల్‌కి ముందు జరిగినట్టు తీశారు, నిజానికి సీజన్ అయిపోయాక జరిగింది. ఎదుటి టీములన్నీ తెల్లవాళ్లవే అన్నట్టు చూపించడం కూడా నిజం కాదు. ఇవన్నీ తెలిసి కూడా నేను ఏటా చూస్తాను, క్యాంప్‌లో తెల్లవారుజామున పిల్లల్ని అమెరికా అంతర్యుద్ధం జరిగిన గెటిస్‌బర్గ్ దాకా పరిగెత్తించి సమాధుల మధ్య నిలబెట్టి మాట్లాడే సీన్ ఒక్కటి చాలు నాకు.

నాలుగోడౌన్:

నేను ఇక్కడ ఒప్పుకోను. నిజమైన కథ అని మొదట్లో అక్షరాలు వేసినప్పుడు బతికున్న మనుషుల జీవితాన్ని అంతలా మార్చకూడదు. అసలు జరిగిందే చాలా పెద్ద కథ, దానికి ఆఖరి సెకన్ టచ్‌డౌన్ ఎందుకు? రూడీ అనే సినిమాలో కూడా అంతే, ఆటగాళ్లు ఒక్కొక్కరూ జెర్సీ తెచ్చి కోచ్ బల్ల మీద పెట్టే సీన్ జరగనే లేదు, ఆ కోచ్ డాన్ డివైన్‌ని అనవసరంగా చెడ్డవాడిగా చూపించారు.

పాతకాపు:

రూడీని ఒక్క మాట అనకు తమ్ముడూ. జెర్సీల సీన్ కల్పితమే, ఒప్పుకుంటాను. రూడీ అనే ఆ కుర్రాడు నోట్రడామ్ యూనివర్సిటీలో సీటు కోసం పక్క కాలేజీలో ఏళ్లు చదివింది నిజం, రోజూ ప్రాక్టీస్‌లో పెద్ద ఆటగాళ్ల చేతిలో దెబ్బలు తిన్నది నిజం, 1975లో జార్జియా టెక్ మీద చివరి క్షణాల్లో దిగి క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టింది నిజం. అమ్మాయితో చూడ్డానికి అది కూడా మంచిదే కృష్ణాతీరం గారూ.

గోదారి_పిల్ల:

ది బ్లైండ్ సైడ్ సంగతి ఏంటి? సాండ్రా బులక్‌కి ఆస్కార్ వచ్చింది కదా. చూసినప్పుడు ఏడ్చాను, తర్వాత ఆ కోర్టు గొడవ విని మనసు అదోలా అయిపోయింది.

నాలుగోడౌన్:

అదే నేను చెప్పేది. 2009 సినిమా. మొదట్లో క్వార్టర్‌బ్యాక్ జో థైస్‌మన్ కాలు విరిగిన 1985 నాటి ప్లే చూపించి, క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే లెఫ్ట్ టాకిల్ అనే పొజిషన్‌కి అంత డబ్బు ఎందుకు ఇస్తారో చెప్పే భాగం చాలా బాగుంటుంది. ఆ తర్వాత ఆ పొజిషన్‌లో ఆడిన మైఖేల్ ఓర్ అనే నిజమైన ఆటగాడిని ఆటే తెలియని అమాయకుడిలా, అతన్ని ఇంట్లో పెట్టుకున్న ఇల్లాలు (బులక్ పాత్ర) వచ్చి నేర్పినట్టు చూపించారు. అది తనకి నచ్చలేదని ఓర్ తన పుస్తకంలోనే రాశాడు. 2023 ఆగస్టులో కోర్టుకి వెళ్లి, ఆ కుటుంబం తనని దత్తత తీసుకోలేదు, కన్సర్వేటర్‌షిప్ అనే ఏర్పాటు కింద పెట్టుకుంది అని చెప్పాడు. కుటుంబం ఆ ఆరోపణల్ని ఒప్పుకోలేదు. సెప్టెంబర్‌లో జడ్జి ఆ ఏర్పాటుని రద్దు చేశారు.

దాని బదులు అన్‌డిఫీటెడ్ చూడండి. 2011 డాక్యుమెంటరీ, ఆస్కార్ వచ్చింది. బ్లైండ్ సైడ్ జరిగిన మెంఫిస్ ఊరే, మనాసస్ హైస్కూల్, 110 ఏళ్ల చరిత్రలో ఒక్క ప్లేఆఫ్ ఆట కూడా గెలవని టీమ్. కలప వ్యాపారం చేసుకునే బిల్ కోర్ట్నీ జీతం లేకుండా కోచింగ్ ఇస్తాడు. అందులో కూడా ఒక పెద్ద కుర్రాడు చదువు కోసం ఒక అసిస్టెంట్ కోచ్ ఇంట్లో ఉంటాడు, కానీ ఇక్కడ కెమెరా ఆ కుర్రాడి మాట వింటుంది. కోర్ట్నీ కూడా దేవుడేం కాదు, ఊరి పిల్లల కోసం తిరుగుతూ సొంత పిల్లలకి టైమ్ ఇవ్వలేకపోతున్నానని అతనే చెప్తాడు.

స్టీల్‌సిటీ_డాక్టర్ (పిట్స్‌బర్గ్):

నేను న్యూరాలజీలో పనిచేస్తాను, కాబట్టి ఈ లిస్టులో కంకషన్ లేకపోతే నాకు నచ్చదు. 2015 సినిమా, విల్ స్మిత్ డాక్టర్ బెనెట్ ఒమాలుగా చేశాడు. మైక్ వెబ్‌స్టర్ అంటే పిట్స్‌బర్గ్‌లో దేవుడితో సమానం, స్టీలర్స్ సెంటర్, 17 సీజన్లు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడాడు. ప్రతి ప్లేలోనూ తల ముందుకు పెట్టి గుద్దుకునే పొజిషన్ అది. 2002లో 50 ఏళ్లకి పోయేనాటికి జ్ఞాపకం దెబ్బతిని, ఒక్కోసారి ట్రక్కులోనే పడుకునే స్థితి. నైజీరియా నుంచి వచ్చిన ఈ పాథాలజిస్ట్ అతని మెదడు పరీక్షించి సీటీఈ (తలకి పదే పదే దెబ్బలు తగిలి మెదడు పాడయ్యే జబ్బు) అని తేల్చి, 2005లో ప్రచురించాడు. లీగ్ డాక్టర్లు ఆ పేపర్‌ని వెనక్కి తీసుకోమన్నారు. ఈ జబ్బుకీ ఆటకీ సంబంధం ఉందని లీగ్ పెద్ద అధికారి ఒకరు బహిరంగంగా ఒప్పుకోవడానికి 2016 దాకా పట్టింది. సినిమాలో కొంత మసాలా కలిపారు, విషయం పూర్తిగా కావాలంటే పీబీఎస్ ఫ్రంట్‌లైన్ వాళ్లు 2013లో తీసిన లీగ్ ఆఫ్ డినయల్ చూడండి.

బతికున్నవాళ్లలో సీటీఈని ఖాయంగా చెప్పే పరీక్ష ఇంకా లేదు, చనిపోయాక మెదడు చూస్తేనే తెలుస్తుంది. ఒక్క పెద్ద దెబ్బే కాదు, లెక్కకు రాని చిన్న చిన్న గుద్దులు ఏళ్ల తరబడి పోగవడమే అసలు సమస్య. ఇక్కడ మనవాళ్ల పిల్లలు టాకిల్ ఫుట్‌బాల్ ఆడతామంటే తల్లిదండ్రులు నన్ను అడుగుతుంటారు. చిన్న వయసులో ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడించండి అంటాను. నడుముకి కట్టిన ఫ్లాగ్ లాగితే చాలు, పడగొట్టక్కర్లేదు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కూడా పెట్టారు. నేను ఇప్పటికీ స్టీలర్స్ ఆట చూస్తాను, చూస్తూ కూడా ఆ సెంటర్ తల ఎన్నిసార్లు తగులుతోందో చూడకుండా ఉండలేను.

గోదారి_పిల్ల:

డాక్టర్ గారూ, ఇది చదివాక మా అబ్బాయిని ఫ్లాగ్ టీమ్‌లోనే వేయాలని నిర్ణయించుకున్నాం. చాలా థ్యాంక్స్.

సోమవారం_అలారం:

కృష్ణాతీరం గారూ, మీరు కౌబాయ్స్ అన్నారు కాబట్టి ఇంకోటి. నెట్‌ఫ్లిక్స్‌లో 2025లో వచ్చిన అమెరికాస్ టీమ్, 8 ఎపిసోడ్లు. జెర్రీ జోన్స్ 1989లో దాదాపు 140 మిలియన్ డాలర్లకి టీమ్ కొని, 29 సీజన్లు కోచ్‌గా ఉన్న టామ్ లాండ్రీని తీసేసి, ఆ ఏడాది ఒక్క ఆట గెలిచి 15 చిత్తుగా ఓడి, తర్వాత 1992 నుంచి 1995 దాకా నాలుగు సీజన్లలో మూడు సూపర్ బౌల్‌లు గెలిచిన కథ. కౌబాయ్స్ ఆఫీసు ఉన్నది మీ ఫ్రిస్కోలోనే కదా.

ఎనీ గివెన్ సండే మాత్రం అమ్మాయి పడుకున్నాక చూడండి. ఆలివర్ స్టోన్ 1999లో తీశాడు, ఎన్‌ఎఫ్‌ఎల్ సహకరించకపోవడంతో మయామి షార్క్స్ అని కల్పిత టీమ్ పెట్టుకున్నాడు. బూతులు, మందు, రక్తం అన్నీ ఉంటాయి. డ్రెస్సింగ్ రూమ్‌లో అల్ పచీనో మాట్లాడే సీన్ మాత్రం ఎన్నిసార్లు విన్నా రోమాలు నిక్కబొడుచుకుంటాయి.

కృష్ణాతీరం:

అమెరికాస్ టీమ్ ఈ బై వీక్‌కి ఖాయం. అమ్మాయికి శనివారం టైటన్స్. ఇంకొక్క డౌట్, లాస్ట్ ఛాన్స్ యూ డాక్యుమెంటరీ సిరీస్ గురించి ఆఫీసులో అందరూ చెప్తున్నారు, ఇక్కడ ఎవరూ ఎత్తలేదు. ఏ సీజన్‌తో మొదలుపెట్టాలి?

నాలుగోడౌన్:

మొదటి సీజన్‌తోనే, 2016. మిస్సిసిపీలో స్కూబా అనే చిన్న ఊళ్లో కమ్యూనిటీ కాలేజీ. పెద్ద యూనివర్సిటీల నుంచి మార్కుల వల్లో, గొడవల వల్లో బయటపడ్డ కుర్రాళ్లు మళ్లీ పైకి వెళ్లడానికి వచ్చే చోటు. కోచ్ అరుపులు మామూలుగా ఉండవు, పిల్లలతో చూడొద్దు. అందులో బ్రిటనీ వాగ్నర్ అని అకడమిక్ అడ్వైజర్ ఉంటుంది, ఒక్కొక్కరినీ ఆపి క్లాసుకి వెళ్లావా, పెన్సిల్ ఉందా అని అడుగుతుంది. ఆరున్నర అడుగుల మనుషులు ఆమె ముందు తల వంచుకుని నిలబడతారు. ఆమెకి నేనే పెద్ద ఫ్యాన్‌ని. రెండో సీజన్ కూడా అక్కడే. మూడు, నాలుగు క్యాన్సస్‌కి వెళ్తాయి, ఆ కోచ్‌ని నేను భరించలేకపోయాను. మీరు వాటిని వదిలేసి నేరుగా ఐదుకి వెళ్లిపోండి, ఓక్లాండ్‌లో లేనీ కాలేజీ. ఉండటానికి ఇల్లు లేక కారులో పడుకుని ప్రాక్టీస్‌కి వచ్చే ఆటగాడు ఉంటాడు అందులో.

మొదటి సీజన్‌లో రోనాల్డ్ ఓలీ అనే కుర్రాడు మీకు బాగా నచ్చుతాడు. వాడు ఎన్‌ఎఫ్‌ఎల్ టీముల క్యాంపులు చూపించే హార్డ్ నాక్స్ సిరీస్ 2019 సీజన్‌లో, ఓక్లాండ్ రెయిడర్స్ క్యాంప్‌లో మళ్లీ కనిపిస్తాడు, అది దీని వెంటనే పెట్టుకోండి.